అప్పటి బెంచీ

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు 2025 మార్చి 17న మొదలు. దానికి వారం ముందు మా జిల్లా పరిషత్ హైస్కూల్లో వీడ్కోలు సభ పెట్టారు. 'మన బడిలో మార్పు, మనలో ఎదుగుదల' అన్న విషయం మీద పిల్లల తరఫున మాట్లాడే పని నాకు అప్పజెప్పారు. నేను బాగా మాట్లాడతానని కాదు. బాగా మాట్లాడేవాడు శంఖం. కానీ వాడికి మైకు ఇస్తే అవతలి లంకలో వాళ్లు కూడా ఉలిక్కిపడి లేస్తారని హెడ్మాస్టారి భయం.

శంఖం అనేది వాడి అసలు పేరు కాదు లెండి. ఆరో తరగతిలో మొదటిసారి హాజరు పిలిచినప్పుడు వాడు 'ప్రెజెంట్ సార్' అన్న తీరు చూసి ఇంగ్లీషు మాస్టారు పెట్టారు. అలా ఉండిపోయింది.

నా ఉపన్యాసం కాగితం తెలుగు మేడం చూశారు. మొదటి వాక్యం దగ్గరే ఎర్ర పెన్ను తీశారు.

"ఒరేయ్, పాఠసాల కాదురా, పాఠశాల! ఇంకెన్నాళ్లు చెప్పాలిరా నీకు?"

నాకూ శకీ ఎందుకో పడదు. స అయితే చెయ్యి దానంతటదే తిరుగుతుంది, శ దగ్గరికొచ్చేసరికి పెన్ను మొరాయిస్తుంది. ఒత్తులూ అంతే. ఒత్తు ఖ రాయాల్సిన చోట మామూలు క రాసేసి, మిగతాది చదివేవాళ్ల దయకి వదిలేస్తాను. మేడం తొమ్మిది చోట్ల దిద్ది, శ ఉన్న మాటలు ఒక్కోటి పదిసార్లు రాసుకు రమ్మన్నారు. మర్నాడు తీసుకెళ్లి ఇచ్చాను. రాసింది శంఖం.

కాగితంలో సరుకు మాత్రం గట్టిదే. మేం ఆరులో చేరింది 2020లో. అంటే రిజిస్టర్లో పేర్లు చేరాయి, మనుషులం చేరింది సంక్రాంతి అయ్యాక, మూతికి మాస్కులతో. మూడు నెలలు తిరిగాయో లేదో మళ్లీ సెలవులు. ఏడులోకి వచ్చేసరికి నాడు-నేడు పనులతో బడి రూపే మారిపోయింది. ఆకుపచ్చ బోర్డులు, ఫ్యాన్లు, నీళ్లొచ్చే బాత్రూములు. బాత్రూముల్లో నీళ్లు రావడం కూడా ఓ విశేషమేనా అనేవాళ్లు అంతకుముందు మా బడి చూడలేదన్నమాట. ఎనిమిదిలో ట్యాబులిచ్చారు. ఆ తర్వాత గోడకి పెద్ద టీవీలాంటి ప్యానెల్ వచ్చింది. అలవాటు కొద్దీ దాన్ని డస్టర్‌తో తుడవబోయిన లెక్కల మాస్టారి చెయ్యిని హెడ్మాస్టారు గాల్లోనే పట్టేసుకున్నారు. పదికొచ్చేసరికి జగనన్న గోరుముద్ద కాస్తా డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అయింది. సీతమ్మగారు మా కోనసీమ ఆవిడే కాబట్టి మాకు ఆ పేరు గొప్పే. గుడ్డు మాత్రం గుడ్డులాగే ఉంది.

"ఇదంతా నోటితో చెబితే ఎవడు వింటాడ్రా, చూపించాలి" అన్నాడు శంఖం. స్టోర్ రూములో పడున్న పాత బెంచీ ఒకటి తెచ్చి స్టేజీ మీద పెట్టాలి, పక్కన కొత్త డెస్కు. నేను ముందు పాతదాంట్లో కూర్చుని 'అప్పుడు' అని మాట్లాడి, లేచి కొత్తదాంట్లో కూర్చుని 'ఇప్పుడు' అనాలి. ఈ ఆలోచన వాడిదేనని ఇక్కడ గట్టిగా రాస్తున్నాను.

ఆ రకం బెంచీలో చదువుకున్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బల్లా, కూర్చునే చెక్కా ఒకే ఇనప చట్రానికి బిగించి ఉంటాయి. ముందుకీ వెనక్కీ జరిపేది లేదు. బల్ల కింద పుస్తకాలు పెట్టుకోవడానికి రేకు అర. పైన పెన్ను జారిపోకుండా గాడి, ఆ గాడి నిండా ఎన్ని బ్యాచుల నాటివో పెన్సిల్ చెక్కుళ్లు, రాయిలా ఎండిపోయిన చూయింగ్ గమ్. ఆరో తరగతిలో దాంట్లో నేనూ శంఖమూ కూర్చుని, మధ్యలో భౌతిక దూరం కూడా పాటించాం.

ఇప్పుడు ఒక్కణ్ణే పక్కనుంచి దూరాను. మోకాళ్లు అర కిందకి వెళ్లాయి. కాస్త బిగుతుగానే వెళ్లాయి కానీ, జనం ముందు అవన్నీ ఎవరు చూసుకుంటారు?

"అప్పట్లో మేం ఇలా కూర్చునేవాళ్లం" అన్నాను. చప్పట్లు.

"ఇప్పుడేమో..." అని లేవబోయాను. వెనక 'టప్' మంది. చెక్కలోంచి పైకి లేచిన మేకు ఒకటి, ఈ సభ కోసమే అమలాపురంలో కుట్టించిన నా తెల్ల ప్యాంటుని పట్టుకుంది. ముందుకి జరుగుదామంటే మోకాళ్లు రావు. పైకి లేద్దామంటే ప్యాంటు రాదు. మూడో వరసలో మా అమ్మ. ఆ ప్యాంటు కుట్టుకూలితో కలిపి ఎంతయిందో అటూ ఇటూ వాళ్లకి అప్పటికే చెప్పేసింది.

ఇక చేసేదేం లేక కొత్త డెస్కుని చేత్తోనే చూపిస్తూ ఉపన్యాసం మొత్తం పాత బెంచీలోంచే చెప్పాను. 'ఈ ఐదేళ్లలో మేమెంతో ఎదిగాం' అన్న వాక్యం అంత మనస్ఫూర్తిగా ఇంకెవరూ చెప్పి ఉండరు.

"ఇక లే బాబూ" అన్నారు హెడ్మాస్టారు.

"లేవలేనండి."

ఆయన మైకు తీసుకుని, "చూశారా! బడిని వదల్లేకపోతున్నాడు!" అన్నారు. ఇద్దరు ముగ్గురు తల్లులు కొంగుతో కళ్లొత్తుకున్నారు. సర్పంచ్ గారు కూడా తల పంకించారు.

"నేను కాదండీ, బెంచీ వదలట్లేదు" అన్నాను.

ఆ తర్వాత స్టేజీ మీద అందరూ ఇంజినీర్లే. డ్రిల్లు మాస్టారు బెంచీని పక్కకి పడుకోబెడదాం అన్నారు, నాతో సహా. వంట చేసే అక్క గరిటెడు నూనె తెచ్చింది. శంఖం కరెంటు పని చేసే వాళ్ల మావయ్య దగ్గరికి పరిగెత్తి కటింగ్ ప్లేయర్ పట్టుకొచ్చాడు. నూనె మోకాళ్లకి తక్కువ, బల్లకి ఎక్కువ పడింది. తెలుగు మేడం గుడ్డ పెట్టి తుడిచారు. నాలుగేళ్ల దుమ్ము పోయి, కంపాస్ ముల్లుతో చెక్కిన అక్షరాలు నిగనిగలాడుతూ బయటపడ్డాయి.

'ఇట్లు, సంకం.'

ఆరో తరగతిలో ఆ చెక్కుడుకి శంఖం యాభై గుంజీళ్లు తీశాడు. 'నా పేరు నేనే తప్పు రాసుకుంటానా సార్' అని మొత్తుకున్నాడు కూడా. విచారణ చేసింది డ్రిల్లు మాస్టారు. ఆయన పేరు చూశారు కానీ స్పెల్లింగు చూడలేదు.

తెలుగు మేడం చూశారు. "శ లేదు. ఒత్తూ లేదు" అని నెమ్మదిగా నా వైపు తిరిగారు. ఆవిడ వెనకాలే శంఖం కూడా తిరిగాడు. వాడి చేతిలో కటింగ్ ప్లేయర్ ఆగిపోయింది.

"ఒరేయ్, నేను చిన్నప్పుడు..." అన్నాను.

వాడేం మాట్లాడలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి సుద్దముక్క తెచ్చి నా చేతిలో పెట్టాడు. "రాయి. పదిసార్లు. ఒక్కోటి సరిగ్గా రాస్తే మేకుని ఒక్కో తిప్పు తిప్పుతా."

మేడం వైపు చూశాను. ఆవిడ బల్ల తుడిచి చోటిచ్చారు.

సర్పంచ్ గారి సాక్షిగా, నూనె అంటని చోట మొదటిది రాశాను. శంకం.

"ఒత్తు ఖ ఏదిరా!" అన్నాడు. మైకు లేదు. అయినా అవతలి లంకలో కుక్కలు మొరిగాయి.

మేకు ఊడింది తొమ్మిదో శంఖం దగ్గర. ప్యాంటు ఎనిమిదో శంఖం దగ్గరే చిరిగింది.