కొన్నవాడికి లేని పెత్తనం

సెల్‌ఫోన్‌లో ఏ యాప్ నడవాలో, ఏది ఆగాలో తేల్చవలసింది డబ్బు పోసి కొన్న మనిషా, అమ్మిన కంపెనీయా? ఇంత చిన్న ప్రశ్నకు పదిహేనేళ్లకు పైగా కంపెనీలే జవాబు రాసుకుంటున్నాయి. ఓటీపీ చూసుకుని తిరిగి వచ్చేసరికి సగం నింపిన దరఖాస్తు మాయమై మొదటి పేజీ ప్రత్యక్షం కావడం, తెర ఆర్పగానే డౌన్‌లోడ్ నిలిచిపోవడం, రావలసిన కబురు రాకపోవడం ఎవరికీ కొత్త కాదు. అలవాటు పడిపోయి ఇది ఫోను గుణమేననుకుంటున్నాం గానీ, దీని వెనుక ఉన్నది, తెర వెనుక, అంటే మనం చూడని వేళ, యాప్‌లను నడవనివ్వకూడదని కంపెనీలు తీసుకున్న నిర్ణయం.

అనంతపురం జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలున్న రైతులు బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు బిగించుకుంటున్నారు. త్రీఫేజ్ కరెంటు వచ్చిందనీ, పోయిందనీ, నీళ్లు తగ్గి మోటారు ట్రిప్ అయిందనీ స్టార్టరు పంపే కబురు ఫోన్‌లోని యాప్‌కు చేరాలి. నార్పల వైపు రైతు ఒకరు తనకు జరిగింది మాకు చెప్పారు. ఫోను జేబులోనే ఉంది, సిగ్నల్ ఉంది, డేటా ఉంది. అయినా మోటారు ఆగిందన్న సంగతి ఆయనకు తెలియలేదు, ఎందుకంటే ఫోనుకు అప్‌డేట్ వచ్చాక, మనం తెరవకపోయినా యాప్‌ను నడవనిచ్చే ‘ఆటోస్టార్ట్’ మీట తనంతట తానే ఆఫ్ అయి, యాప్ నోరు నొక్కేసింది. తోట తడుస్తోందన్న ధీమాతో బంధువుల పెళ్లికి వెళ్లిన మనిషి తిరిగి వచ్చేసరికి రెండు తడులు తప్పి పిందె రాలింది. ఆ మీట ఎక్కడుందో వెతకడం కూడా ఒక పరీక్షే. బ్యాటరీ సెట్టింగులలో ఒక చోట ‘పరిమితులు వద్దు’ అని ఎంచుకోవాలి, ఇంకొక చోట ఆటోస్టార్ట్ ఆన్ చేయాలి, ఇటీవల తెరిచిన యాప్‌ల వరుసలోకి వెళ్లి తాళం గుర్తు నొక్కాలి. ఈ మూడూ సరిచేసినా వచ్చే అప్‌డేట్ దాకా నిలుస్తాయన్న నమ్మకం లేదు.

బ్యాటరీని కాపాడటానికే ఈ కట్టడి అని కంపెనీలు అంటాయి; తెర వెనుక దొంగచాటుగా నడిచే యాప్‌లకు కళ్లెం ఉండాలని మరికొందరు అంటారు; లోన్ యాప్‌ల ఆగడాలు చూసిన వాళ్లం కనుక ఆ మాటను తీసిపారేయం. కానీ నిజంగా బ్యాటరీయే కారణమైతే ఆ కట్టడి అందరికీ ఒకేలా ఉండాలి గదా? ఎక్కడుంది? 2008లో యాప్ స్టోర్ తెరిచిన ఆపిల్, 2010 జూన్‌లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 4 వచ్చేదాకా బయటివారి యాప్‌లను తెర వెనుక నడవనివ్వలేదు. సొంత మెయిల్‌కు, సొంత పాటల యాప్‌కు మాత్రం ఆ అడ్డు మొదటినుంచీ లేదు. ఆ తర్వాత కూడా పాటలు, ఇంటర్నెట్ కాల్స్, లొకేషన్ వంటి కొన్ని పనులకే తలుపు తెరిచింది. అంతకు ముందే నోకియా సింబియన్ ఫోన్లలో మెనూ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే నడుస్తున్న యాప్‌లన్నీ వరుసగా కనిపించేవి, ఏది ఉంచాలో ఏది మూయాలో మనిషే తేల్చుకునేవాడు. మొదట్లో ధారాళంగా ఉన్న ఆండ్రాయిడ్ కూడా 2015లో వాడని ఫోన్‌లో యాప్‌లను నిద్రపుచ్చే ‘డోజ్’తో, 2017లో ఓరియో వెర్షన్‌తో పగ్గాలు బిగించింది. వాటిపైన తయారీదారులు ఎవరికి తోచిన కత్తెర వారు పెట్టుకున్నారు.

ఈ రెండు నాల్కల ధోరణికి యూట్యూబ్‌ను మించిన రుజువు అక్కరలేదు. గ్రూప్స్ పరీక్షకు చదువుకునే కుర్రాడు బస్సులో తెర ఆర్పి పాఠం వినాలంటే కుదరదు, తెర ఆరిన మరుక్షణం గొంతు ఆగిపోతుంది. నెలనెలా ప్రీమియం చందా కడితే అదే ఫోన్‌లో, అదే బ్యాటరీతో, అదే పాఠం తెర వెనుక నిరభ్యంతరంగా నడుస్తుంది. తెర వెలుగుతూ ఉంటేనే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుందన్న సంగతి పక్కన పెట్టినా, ప్రకటనల రాబడి కోసం పెట్టిన నిబంధన అని ఒప్పుకుంటే అదొక దారి. ఆండ్రాయిడ్‌నూ యూట్యూబ్‌నూ నడిపే గూగులే ఒక చేత్తో బ్యాటరీ పాఠం చెబుతూ రెండో చేత్తో అదే సౌకర్యానికి చందా పుచ్చుకోవడం మాత్రం తనకొక నీతి, కొన్నవాడికొక నీతి అనడమే. డీజిలు ఆదా పేరుతో అమ్మిన డీలరే చేను మధ్యలో ట్రాక్టరు ఆపేస్తే మన రైతు ఊరుకుంటాడా?

సామాన్యుడి సంగతి సరే, ప్రభుత్వాలకే ఈ పెత్తనం ముందు దిక్కు లేకపోయింది. 2020లో కోవిడ్ బాధితులకు దగ్గరగా మెలిగిన వారిని గుర్తించడానికి బ్రిటన్ సొంతంగా యాప్ చేసుకుంటే, పక్కనున్న ఫోన్లను పసిగట్టే బ్లూటూత్ తెర వెనుక నడవక, ప్రయోగ పరీక్షల్లో అది ఐఫోన్లలో నాలుగు శాతాన్నే గుర్తించగలిగింది. జూన్‌లో ఆ ప్రభుత్వం దాన్ని వదిలేసి ఆపిల్, గూగుల్ కలిసి చేసిన పద్ధతికి మారింది. సడలింపు ఇవ్వమని ఫ్రాన్స్ మంత్రి బహిరంగంగానే ఆపిల్‌ను అడగవలసి వచ్చింది. మహమ్మారి వేళ ఎన్నికైన ప్రభుత్వం కంపెనీ గడప దగ్గర నిలబడటం మామూలు విషయమైపోతే, రేపు ఏ అవసరానికైనా అదే వరస అవుతుంది.

2025 మార్చిలో యూరోపియన్ కమిషన్ ఈ మాటే గట్టిగా అడిగింది. ఇతర కంపెనీల వాచీలు, హెడ్‌ఫోన్ల వంటి పరికరాల కోసం నడిచే యాప్‌లకు ఐఫోన్‌లో తెర వెనుక పనిచేసే వీలు ఇవ్వాలని ఆదేశించింది, ఆపిల్ దానిపై కోర్టుకెక్కింది. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది గానీ, ఆ కేసు ప్రధానంగా ముందే ఎక్కించి అమ్మే యాప్‌ల చుట్టూ తిరిగింది. కొన్నవాడు ఎంచుకున్న యాప్ నిలవాలా వద్దా అన్నది మన దేశంలో ఇప్పటికీ ఎవరి బల్ల మీదా లేదు.

మేము కోరేది పెద్దదేమీ కాదు. ‘నేను మూసేదాకా దీన్ని ఆపవద్దు’ అనే ఒకే మీట ప్రతి ఫోన్‌లోనూ ఒకే చోట ఉండాలి, అప్‌డేట్ వచ్చినా అది చెదరకూడదు. ఏ యాప్ ఎంత బ్యాటరీ తింటోందో చూపించి నిర్ణయం మనిషికి వదలాలి. ఆపే మీట కూడా అంతే సులువుగా అందాలి. కంపెనీ తన సొంత యాప్‌లకు ఏ నియమం పెట్టుకుంటే బయటివారికీ అదే పెట్టాలి. దీన్ని నిబంధనగా మార్చే అధికారం కేంద్రానికి ఉంది.

ఆ పని చేయని ప్రభుత్వాలే అన్నింటికీ యాప్‌లు వేసుకోమంటున్నాయి. దేశంలో ఉపాధి హామీకి 2006లో శ్రీకారం చుట్టిన బండ్లపల్లి అనంతపురం జిల్లాలోనిదే. ఆ పనుల్లో కూలీల హాజరుకు 2023 జనవరి నుంచి యాప్‌లో ఫోటో తప్పనిసరి చేశారు. పిడుగుల నుంచి కాపాడుకోవడానికి పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ (ఐఐటీఎం) రూపొందించిన ‘దామిని’ యాప్ వాడమంటున్నారు. గొర్రెల కాపరి ఎక్కడున్నాడో తెలుసుకుంటూ ఉంటేనే అది అతన్ని హెచ్చరించగలదు. కాపరి చేతిలో ఉండేది ఎనిమిది, పది వేల రూపాయల ఫోను. అలాంటి ఫోన్లలో ఆ యాప్ రాత్రంతా నిలుస్తుందో, గంటకే చస్తుందో పరీక్షించి ప్రజలకు చెప్పిన అధికారి ఎవరు? యాప్ వేయించిన లెక్కలు పైకి పంపి చేతులు దులుపుకోవడం బాధ్యత అనిపించుకోదు. వానాకాలం రాకముందే ఆ పరీక్ష చేయించి, ఏ ఫోన్లు దామినిని ఆపేస్తున్నాయో పేర్లతో సహా కలెక్టరేట్ల నోటీసు బోర్డుల మీద పెట్టండి.