పోయినవాళ్ల గురించి ఎవరు రాయాలి?

మన చుట్టుపక్కల ఎవరైనా పోయారని తెలిసిన గంటలోపే ఫోన్లలో సందేశాలు వరస కడతాయి. మంచి మనిషి, అందరితో కలుపుగోలుగా ఉండేవారు, వారి మృతి తీరని లోటు, వారి ఆత్మకు శాంతి కలగాలి. పేరు, ఫొటో మారిస్తే అదే సందేశం రేపు ఇంకొకరికి సరిపోతుంది. రాసినవాళ్లకు బాధ లేదని కాదు, ఉంది. లేనిదల్లా సమాచారం. ఏళ్ల తరబడి పక్కపక్కనే బతికిన మనిషి గురించి పది వాక్యాలు రాయమంటే మూడో వాక్యం దగ్గరే తడబడతాం. అలాంటప్పుడు ఎవరికైనా అతికే మాటలే దిక్కవుతాయి.

కాలనీ కానీ, సంఘం కానీ, కలిసి పనిచేసినవాళ్ల బృందం కానీ, తమలో ఈ మధ్య పోయినవాళ్లను గుర్తుచేసుకునే బాధ్యతను దాదాపు పూర్తిగా వాళ్ల కుటుంబాలకే వదిలేస్తున్నాయి. ఇది సరికాదన్నది నా వాదన. కుటుంబం అప్పటికే దుఃఖంలో ఉంటుంది. వచ్చేవాళ్లను చూసుకోవాలి, కాగితాల పని చూసుకోవాలి. పైగా ఇంట్లోవాళ్లకు తెలిసింది ఇంటి మనిషే. ఆ మనిషి గడప దాటాక ఎలా ఉండేవాడో, ఎవరికి ఏ సాయం చేశాడో, ఎవరితో ఎందుకు పడేది కాదో తెలిసింది తోటివాళ్లకే. అసలు చిక్కు ఇంకొకటుంది. రాయడం వచ్చిన పిల్లలుంటే రెండు పేజీల సంస్మరణ వస్తుంది, లేకపోతే ఒక ఫొటో వస్తుంది. ఎవరూ లేని మనిషికి అదీ ఉండదు. ముగ్గురూ ఒకేచోట బతికినవాళ్లే.

ఎవరి గురించి రాశారన్నది పోయినవాళ్ల విలువను బట్టి కాక రాసేవాళ్ల చూపును బట్టి తేలుతుందని బాహాటంగా ఒప్పుకున్న పత్రిక న్యూయార్క్ టైమ్స్. 1851లో మొదలైన ఆ పత్రికలో అచ్చయిన సంస్మరణల్లో అత్యధికం తెల్లజాతి మగవాళ్లవే. 2018 మార్చి 8న 'ఓవర్‌లుక్డ్' పేరుతో ఒక శీర్షిక ప్రారంభించి, అప్పట్లో తాము పట్టించుకోని 15 మంది మహిళలకు ఆలస్యంగా సంస్మరణలు ప్రచురించింది. 1931లో మరణించిన పాత్రికేయురాలు ఇడా బి. వెల్స్ వాళ్లలో ఒకరు. 1969లో మరణించిన నటి మధుబాల మరొకరు. పొరపాటు దిద్దుకోవడం మంచిదే. కానీ ఆ దిద్దుబాటు ఎలా సాధ్యమైందో గమనించాలి. మధుబాల సినిమాలున్నాయి, వెల్స్ రాసిన వ్యాసాలున్నాయి, వాళ్ల గురించి పుస్తకాలున్నాయి. యాభై ఏళ్ల తర్వాత తెరిచినా సరుకు దొరికింది. మామూలు మనిషి విషయంలో ఆ అవకాశం లేదు. ఆయన్ను ఎరిగినవాళ్లు ఉండగానే రాయాలి, లేదంటే ఇక లేనట్టే.

అందరినీ ఒకేలా గుర్తుపెట్టుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగానే, 1917లో బ్రిటిష్ సామ్రాజ్యం యుద్ధ సమాధుల కోసం ఒక కమిషన్ పెట్టింది. ఇప్పుడది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. దాని నియమం గట్టిది. జనరల్ అయినా సాధారణ సిపాయి అయినా సమాధి రాయి కొలత ఒకటే. డబ్బున్న కుటుంబం తమవాడికి సొంతంగా పెద్ద స్మారకం కట్టుకుంటామంటే కుదరదు. రాయి అడుగున కుటుంబం తన మాట చెక్కించుకోవడానికి 66 అక్షరాల చోటు ఇచ్చారు. కాగితం మీద ఇంతకన్నా న్యాయమైన ఏర్పాటు ఊహించడం కష్టం.

2021లో అదే కమిషన్ తన చరిత్రను తనే తవ్వించి ఒక నివేదిక బయటపెట్టింది. ఆ యుద్ధంలో సామ్రాజ్యం తరఫున మరణించినవాళ్లలో కనీసం 1,16,000 మందికి పేరుతో స్మారకం లేదని, అసలు స్మారకమే దక్కనివాళ్లు కూడా వాళ్లలో ఉన్నారని, ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చని తేలింది. వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు ప్రాంతాలవాళ్లు. జాతి వివక్ష ఇందుకు కారణమని నివేదికే ఒప్పుకుంది. రాళ్లన్నీ ఒకే కొలతలో ఉన్నంత మాత్రాన సమానత్వం రాదని ఇక్కడ అర్థమవుతుంది. రాయి ఎవరికి పడాలో నిర్ణయించేది జాబితా. జాబితాలోకి ఎక్కనివాడికి ఎంత గొప్ప నియమమున్నా ఒరిగేదేమీ లేదు.

అందుకే ఏ చిన్న సముదాయమైనా ముందు చేయాల్సిన పని చాలా చప్పగా ఉంటుంది: ఈ ఏడాది మనలో ఎవరెవరు పోయారో ఒకచోట రాసిపెట్టడం. అద్దెకుండి వెళ్లినవాళ్లు, పనికోసం రోజూ వచ్చిపోయినవాళ్లు, మంచానపడి కొన్నేళ్లుగా బయట కనిపించనివాళ్లు కూడా అందులో ఉండాలి. సభ్యత్వ రుసుము కట్టారా లేదా అన్న ప్రశ్న ఇక్కడ అనవసరం. (ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.)

స్థానికంగా రాసిన నాలుగు మాటలు ఎంత దూరం వెళతాయో 2020లో చూశాం. ఇటలీలో కరోనా విరుచుకుపడినప్పుడు బెర్గామో పట్టణపు దినపత్రిక 'లెకో ది బెర్గామో'లో మామూలుగా ఒకటి రెండు పేజీలుండే మృతి ప్రకటనలు మార్చి 13న పది పేజీలకు పెరిగాయి. అంకెలు చూసి చలించనివాళ్లను ఆ పేజీలు కదిలించాయి. అదే ఏడాది మే 24న, అమెరికాలో మృతులు లక్షకు చేరువవుతున్న వేళ, న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీ మొత్తం పేర్లతో నింపింది. వెయ్యి మంది పేర్లను ఎంచుకుని ఒక్కో పేరు పక్కన ఒక్కో ముక్క రాసింది. ఆ ముక్కల్ని ఆ పత్రిక సొంతంగా పుట్టించలేదు, దేశమంతటా పత్రికల్లో వచ్చిన సంస్మరణల్లోంచి ఏరింది. అంటే ఎక్కడో ఒక చిన్న పత్రికలో ఎవరో ఓపిగ్గా ఫలానా ఆమె ఇలా ఉండేది అని రాసి ఉండకపోతే ఆ మొదటి పేజీ లేదు. పెద్ద పత్రికకు పేరొచ్చింది, కష్టం చిన్న పత్రికలది.

ఇక రాసే పద్ధతి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ టైమ్స్ మృతుల గురించి 'పోర్ట్రెయిట్స్ ఆఫ్ గ్రీఫ్' పేరుతో చిన్నచిన్న కథనాలు వేసింది. విలేకరులు బంధుమిత్రులకు ఫోన్లు చేసి, ఒక్కొక్కరి గురించి సుమారు 200 పదాల్లో రాశారు. కంపెనీ పెద్దకూ, హోటల్ వంటమనిషికీ దాదాపు ఒకే నిడివి. చదువు, హోదా, పదవుల వరస పక్కనపెట్టి, ఆ మనిషిని పట్టిచ్చే ఒక అలవాటునో ఇష్టాన్నో పట్టుకున్నారు. పద్ధతి మంచిదే, దాని మీద వచ్చిన విమర్శ కూడా సబబైనదే. ఆ కథనాల్లో అందరూ ప్రేమమూర్తులే, అందరూ కుటుంబమంటే ప్రాణం పెట్టేవాళ్లే. అన్ని వేలమందిలో ఒక్క ముక్కోపి, ఒక్క పిసినారి లేకుండా పోయారా?

మన సంతాప సందేశాల్లోనూ ఇదే జరుగుతోంది. సంఘం లెక్కలు చూసిన ఒక పెద్దాయన పోయారనుకోండి. 'ముక్కుసూటి మనిషి, క్రమశిక్షణకు మారుపేరు' అని రాస్తే ఏమీ చెప్పనట్టే. 'ఆయన లెక్కలు చూసినన్నాళ్లూ రసీదు లేని ఖర్చు పుస్తకంలోకి ఎక్కలేదు. అందుకోసం ఇద్దరు అధ్యక్షులతో మాటలు మానేశారు, మూడో ఆయన ఇంటికి రసీదు పుస్తకం తనే పట్టుకెళ్లి సంతకం పెట్టించుకున్నారు' అని రాయండి. మనిషి లేచి నిలబడతాడు. ఆయనతో గొడవపడ్డవాళ్లు కూడా చదివి నవ్వుకుంటారు. గౌరవం ఎక్కడా తగ్గలేదు. నిజానికి పొగడ్తల సందేశంలోనే ఆయన్ను తక్కువ చేశాం, అది ఎవరి గురించైనా కావచ్చు కాబట్టి.

అయితే నిజం పేరుతో అన్నీ రాసెయ్యమని కాదు. బతికున్నవాళ్లను బజారుకీడ్చే కుటుంబ తగాదాలు, ఇంట్లోవాళ్లు చెప్పుకోదలచని జబ్బులు మనం రాయాల్సినవి కావు. ఆత్మహత్య విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఎలా జరిగిందో వర్ణించొద్దని, ఏదో ఒక్క కారణానికి ముడిపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత్రికేయులకు చెబుతున్నది ఇరుగుపొరుగు రాసే సంస్మరణకూ వర్తిస్తుంది. ఆ మనిషి బతుకంతా చివరి రోజుగా కుదించుకుపోకుండా చూడటమే అక్కడ మనం చేయగలిగిన మేలు.

చివరి రోజు మొత్తం బతుకును మింగెయ్యడానికి లండన్‌లో ఒక ఉదాహరణ ఉంది. ఇతరులను కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్న సామాన్యుల కోసం చిత్రకారుడు జి.ఎఫ్. వాట్స్ 1887లో ఒక స్మారకాన్ని ప్రతిపాదించాడు. 1900లో పోస్ట్‌మన్స్ పార్కులో అది ప్రారంభమైంది. గోడకు పింగాణీ పలకలు, వాటి మీద పేరు, తేదీ, ఘటన. 120 పలకలకు చోటుంటే ఇప్పటికి నిండింది 54. అందులో ఒకటి ఆలిస్ ఏయర్స్‌ది. తాపీపని కూలీ కూతురు, 1885 ఏప్రిల్‌లో మంటలంటుకున్న ఇంట్లోంచి ముగ్గురు పిల్లలను కాపాడి తాను బలైంది. ఆమె కిటికీలోంచి పరుపు కిందికి తోసి, పిల్లలను ఒక్కొక్కరినే దాని మీదికి జారవిడిచింది. ఆ పావుగంట గురించి మనకు ఇంత తెలుసు. అంతకుముందు పాతికేళ్లు ఆమె ఎలా బతికిందో ఆ పలక చెప్పదు. వాట్స్ ఉద్దేశం గొప్పదే, కాకపోతే ఆ గోడ మీదికెక్కాలంటే సామాన్యుడు వీరమరణం పొందాలి. నిద్రలో పోయిన సామాన్యుడికి అక్కడ చోటు లేదు.

నిద్రలో పోయినవాళ్ల గురించి ఏం రాయాలి? నాకు తోచిన ప్రశ్న ఒకటుంది: ఆ మనిషి పోయాక ఏ పని ఆగిపోయింది? 'ఎలాంటివారు' అని అడిగితే అందరూ 'మంచివారు' అంటారు. ఏం ఆగిందని అడిగితే కాసేపు ఆలోచించి, గ్రంథాలయం గది తాళం తీసేవాళ్లు లేరని ఒకరు, పై అంతస్తు ముసలామెకు మందుల చీటీ చదివిపెట్టే దిక్కు లేదని ఇంకొకరు చెబుతారు. ఫలానా రెండు కుటుంబాల మధ్య రాయబారం నడిచేది ఆ మనిషి ద్వారానేనని అప్పుడు బయటపడుతుంది. ఆ మనిషి అక్కడ ఏమిటో ఆ జవాబుల్లో తెలిసిపోతుంది. పైగా ఆగిన పని ఎవరైనా అందుకోవచ్చు కూడా.

అడగాల్సిన సమయం మాత్రం తక్కువ. మొదటి ఉద్యోగంలో పరిచయమైన స్నేహితుడు, ఎప్పుడో విడిపోయిన భాగస్వామి, దూరపు చెల్లెలు, వీళ్లంతా ఒకేచోట కనిపించేది అంత్యక్రియల రోజునే. సాయంత్రానికి ఎవరి దారి వారిది. కుటుంబం కాని ఇద్దరు ఆ పని ముందే నెత్తినేసుకుని, ఫోన్ నంబర్లు తీసుకుని, నాలుగు రోజులాగి అదే ప్రశ్నతో పలకరిస్తే చాలు. రాసింది కుటుంబానికి చూపాలి. తేదీలు, పేర్లు సరిచూడటానికి, అభ్యంతరముంటే వినడానికి.

బయటపెట్టేముందు పూర్తి పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, ఇల్లు ఖాళీగా ఉండే సమయం తీసేయాలి. మోసగాళ్లకు అంతకన్నా అక్కర్లేదు. ఈ రాతలను సొమ్ము చేసుకునేవాళ్లూ ఉన్నారు. కెనడాలో ఒక వెబ్‌సైట్ పది లక్షలకు పైగా సంస్మరణలను, ఫొటోలను అనుమతి లేకుండా ఎత్తుకొచ్చి, పక్కన పూలు, కొవ్వొత్తులు అమ్మకానికి పెట్టింది. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు దానికి 2 కోట్ల డాలర్ల పరిహారం విధించింది.

మిగిలింది ఎవరూ లేనివాళ్లు. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్‌లో 2001లో, ఆ మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్‌లో కవులు ఒక పని మొదలుపెట్టారు. నా అన్నవాళ్లు లేకుండా మరణించినవారి అంత్యక్రియలకు ఒక కవి వెళతాడు, ఆ మనిషి కోసమే రాసిన కవిత చదువుతాడు. కవి చేతిలో ఉండేది నగరపాలక సిబ్బంది ఆ ఇంటి నుంచి సేకరించిన కాస్త సమాచారం, అంతే. ముఖం కూడా ఎరగని మనిషికి వాళ్లు ఈపాటి చేయగలిగారు. మనం రాయాల్సింది రోజూ మెట్ల మీద ఎదురైన మనిషి గురించి. సిబ్బంది నివేదికతో మనకు పని లేదు, పక్క తలుపు కొడితే చాలు. జాబితా తయారయ్యాక ఎవరి పేరు పక్కన ఒక్క ముక్కా లేదో వాళ్లతోనే మొదలుపెట్టాలి. రాయడం వచ్చిన పిల్లలున్న ఇళ్లు ఎలాగూ తమవి తాము రాసుకుంటాయి.