ఆ గంట మాకు కావాలి

ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం జరిపిన మొన్నటి ఉగాది వేడుకల్లో పిల్లల మానసిక ఆరోగ్యంపై పెట్టిన గంట చర్చను చివరి నిమిషంలో రద్దు చేశారు. డాన్సులు ఆలస్యమయ్యాయన్నారు. పంచాంగ శ్రవణం, స్పాన్సర్ల సన్మానం మాత్రం యథావిధిగా జరిగాయి. కార్యవర్గం పడే శ్రమ తెలిసినా ఈ మాట రాయక తప్పడం లేదు.

ఆ చర్చ కోసమే వచ్చిన ఒక తల్లి భోజనాల వరుసలో నన్ను పలకరించారు. అమెరికా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. నాలుగో తరగతి చదివే కొడుకు బడి వేళకు కడుపునొప్పి అంటున్నాడట. మధ్యాహ్నం ఒక్కడే కూర్చుని తింటున్నాడని టీచర్ చెప్పారట. బడివాళ్లు ఇచ్చిన ఫారాన్ని మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో దాచుకున్నారు. బ్రిటన్ మనోవైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన 25 అంశాల ప్రశ్నావళి అది. తలనొప్పి, కడుపునొప్పి అని తరచూ అంటాడా, మంచి స్నేహితుడు ఒక్కడైనా ఉన్నాడా వంటివి అందులో ఉంటాయి. స్నేహితుడి గడి ఒక్కటే ఆమె ఖాళీగా వదిలేశారు. "ఇవ్వకమ్మా, రికార్డుకెక్కితే రేపు కాలేజీ సీటుకు అడ్డం" అని చెప్పింది మన సంఘం పెద్దలే.

ఆ భయానికి ఆధారం లేదు. ఈ ఫారం జబ్బును నిర్ధారించదు, ఇంకా లోతుగా చూడాలా వద్దా అన్నదే చెబుతుంది. కాలేజీకి పంపే మార్కుల జాబితాలో ఇది ఉండదు. బడి దగ్గరున్న రికార్డులను చూసే హక్కును 1974 నాటి అమెరికా చట్టమే తల్లిదండ్రులకు ఇచ్చింది.

బడివాళ్ల అంచనా మీద పెద్దల అనుమానంలో కొంత న్యాయం లేకపోలేదు. ఎదురు మాట్లాడకూడదని పెంచిన పిల్లవాడు ఇక్కడి టీచర్ కంటికి ముడుచుకుపోయినట్టు కనిపించవచ్చు. అందుకే తల్లి రాయాలి. ఇంట్లో వాడు చెల్లెలితో ఎంత అల్లరి చేస్తాడో ఆమె రాయకపోతే బడివాళ్లకు తెలిసే దారేది? మన అమ్మమ్మలు కడుపునొప్పికి దిష్టి తీసేవారు. తీసి ఊరుకునేవారు కాదు, నిద్రపట్టేదాకా పక్కనే కూర్చుని కబుర్లు చెప్పించేవారు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఆ తీరిక కరువైంది.

8 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ఆందోళన లక్షణాలున్నాయేమో డాక్టర్లు అడిగి చూడాలని అమెరికా నిపుణుల బృందం 2022లోనే సిఫారసు చేసింది. ఇలాంటి కాగితం రేపు మన ఏ ఇంటికైనా రావచ్చు.

కార్యవర్గానికి నా విన్నపం ఒకటే. దీపావళికి ఆ గంటను పెద్ద వేదిక మీద, భోజనాలకు ముందే పెట్టండి. బడుల్లో పనిచేసే మన కౌన్సెలర్లను పిలవండి. ఫారాన్ని తెలుగులో చదివి వివరించడానికి ఒక బల్ల వేయండి, అక్కడ నేనూ కూర్చుంటాను. సమయం చాలకపోతే డాన్సుల్లో మా అమ్మాయి పాటను ముందుగా తీసేయండి.