సెమీకోలన్‌కు న్యాయం జరగాలి

ఉచిత డిజిటల్ గ్రంథాలయాల వల్ల ముంచుకొస్తున్న ముప్పును ఎట్టకేలకు ఒక పండితుడు కనిపెట్టారు. పుస్తకాలను జనం ఊరికే చదివేస్తున్నారట! ఏ ముద్రణో అడగకుండా, ముద్రణకూ ముద్రణకూ మాటల్లో ఉండే తేడాలు, అంటే పాఠాంతరాలు, చూసుకోకుండా, మొదటి నుంచి చివరిదాకా. వారి వ్యాసం చూసిన దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు.

ఈ అనర్థానికి మూలపురుషుడు మైకేల్ హార్ట్. 1971లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ వాడుకునే అవకాశం దొరికితే, బుద్ధిగా లెక్కలు చేసుకోక అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను కూర్చుని టైపు చేశాడు. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే ఉచిత డిజిటల్ గ్రంథాలయం అలా పుట్టింది. పైగా, షేక్‌స్పియర్ వాక్యంలో ఉన్నది కోలనా సెమీకోలనా అని పట్టించుకునేవారి కోసం కాదు మా పని, మామూలు పాఠకుడి కంటికి 99.9 శాతం సరిగ్గా ఉంటే చాలు అని చాటుకున్నారు. ఎంత పొగరు!

రాత్రి రెండింటికి ఆసుపత్రి వరండా. లోపల తల్లికి ఆపరేషన్. బయట ఒకామె ఫోన్‌లో నవల చదువుకుంటోంది. మన పండితుడు స్తంభం చాటునుంచి ఊడిపడ్డారు.

"ఆగమ్మా! అది ఏ ముద్రణ?"

"తెలీదండీ. ఈ పిల్లకి వాళ్లన్న దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది, విప్పుతోంది."

"విప్పనివ్వకు! పుట సంఖ్య ఎంత?"

"పుటల్లేవండీ, వేలితో పైకి తోసుకోవడమే."

"శివశివా! ఆ ఉత్తరం రెండో వాక్యంలో ఉండాల్సింది కోలనా సెమీకోలనా అన్నది నలభై ఏళ్లుగా తేలలేదు..."

"వాళ్లన్న బతికే ఉన్నాడండీ!" అందామె, కళ్లు తుడుచుకుంటూ.

వారు చీటీమీద రాసుకున్నారు: ఆధారం చూపని కన్నీళ్లు.

(ఏ ముద్రణ చూసి ఎక్కించారో ఒక్క ముక్క రాసిపెడితే ఎవరి వేళ్లూ అరిగిపోవు. గూటెన్‌బర్గ్ వాళ్లు తొలిరోజుల్లో చాలా పుస్తకాలకు ఆ పని చేయలేదు. ఆ మాటవరకు పండితుడిదే గెలుపు.)

కానీ అయ్యా, మీకు విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉంది, లాగిన్ ఉంది, అడిగితే పాత ప్రతులు తెచ్చి బల్లమీద పెట్టే మనుషులున్నారు. ఆమెకున్నది ఆ ఫోనొక్కటే. దాన్నీ మీ పద్ధతికి కుదిరేదాకా మూసిపెట్టమంటారా? మీరు ఏళ్లతరబడి పాఠాంతరాలు పోల్చి, తప్పులు దిద్ది పరిష్కరించిన ప్రతి ఏదండీ? ఎవరు చదవాలని పరిష్కరించారు? రచయిత పోయి వందేళ్లు దాటింది. ఆయన మాటలమీద ఎవరికీ హక్కుల్లేవు. పుటల అడుగున మీ అధోజ్ఞాపికలు తగిలించి వాటికి తాళం వేశారు. సిగ్గుండాలి.

ఆ ప్రతిని చూద్దామని నేనూ దాని వెబ్‌సైటుకు వెళ్లాను. 'మీ సంస్థను ఎంచుకోండి' అంది. జాబితా అంతా వెతికాను. మా ఇంటిపేరు లేదు.