వీలునామా రాయకపోవడం అనే మహోపకారం

వీలునామా మాటెత్తగానే పెద్దాయన ముఖం ముడుచుకుంటాడు. "అప్పుడే నన్ను సాగనంపుదామనా?" అంటాడు. ఆయన దూరదృష్టి పిల్లకాకులకేం తెలుసు? తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసి, సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత సంతకం చేయిస్తే అయిపోయే పని. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. అంత చవగ్గా తేలిపోతే ప్లీడర్లు, సర్వేయర్లు, జిరాక్సు షాపులవాళ్లు ఎలా బతకాలి?

నిజానికి ఆయన రాయకపోయినా ఆయన తరఫున పార్లమెంటు 1956లోనే రాసిపెట్టింది. హిందూ వారసత్వ చట్టం, ఎనిమిదో సెక్షను. స్వార్జితమైతే భార్యకు, ప్రతి కొడుక్కీ, ప్రతి కూతురికీ, బతికుంటే తల్లికీ తలా ఒక వాటా. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే నాలుగు సమాన భాగాలు. ముందే పోయిన కొడుకుంటే అతని వాటా అతని భార్యాబిడ్డలది. అల్లుడికి వాటా లేదు, పంచాయితీలో గొంతు మాత్రం ఆయనదే. (ముస్లిం, క్రైస్తవ కుటుంబాల్లో లెక్కలు వేరు. తగాదా ఒకటే.) ఇది చిన్నపిల్లలు కూడా చేసే భాగహారం. గొడవ లెక్క తెలియక కాదు, వచ్చిన జవాబు నచ్చక.

నచ్చనివాళ్ల అమ్ములపొదిలో మొదటి బాణం: "చెల్లికి పెళ్లప్పుడే కట్నం ఇచ్చేశాం." కట్నం ఇవ్వడం 1961 నుంచి నేరం. చేసిన నేరాన్నే వాటా ముట్టినట్టు రసీదుగా చూపించే గుండె ధైర్యం అన్నగార్లకే చెల్లింది. రెండో బాణం: "తాతల ఆస్తి, ఆడపిల్లకు రాదు." 2005 సెప్టెంబరు 9 నుంచి వస్తుంది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అని పదిహేనేళ్లు కోర్టుల్లో నలిగి, అక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు ఢిల్లీ నుంచి బయల్దేరింది, ఇంకా పెద్దన్నయ్య దాకా చేరలేదు. మూడోది: "నామినీని నేనే." నామినీ అంటే డబ్బు చేత్తో పుచ్చుకునేవాడే గాని సొంతదారు కాదని బీమా సొమ్ము విషయంలో 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. (2015లో బీమా చట్టం మారి, భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే సొమ్ము వాళ్లకే చెందేలా రాశారు. బ్యాంకు డిపాజిట్లకు మాత్రం పాత మాటే.)

అసలు కళ కాగితాల దగ్గర ఉంది. పోయినాయన కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు పెట్టే అర్జీలో ఒక చెల్లెలి పేరు "మర్చిపోతారు". ఆ సర్టిఫికెట్ ఎవరి వాటా ఎంతో చెప్పదు, వదిలేసినంత మాత్రాన ఆమె హక్కూ పోదు. పోయేది ఆ స్థలం కొన్నవాడి నిద్ర. ఇంకొందరు తెలివైనవాళ్లు వంద రూపాయల స్టాంపు పేపరు మీద "నా వాటా వదులుకుంటున్నాను" అని రాయించి, నోటరీ ముద్ర కొట్టించి బీరువాలో దాస్తారు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. కాకపోతే అది బీరువాకే పనికొస్తుంది. పాసుపుస్తకంలో పేరెక్కిందని మీసం మెలేసేవాళ్లకూ ఇదే కబురు: మ్యుటేషన్, అంటే రెవెన్యూ రికార్డులో పేరు మార్పు, శిస్తు ఎవరు కట్టాలో చెబుతుంది, ఆస్తి ఎవరిదో కాదు.

ఆఖరికి భాగపంపిణీ దావా. ముందు ప్రాథమిక డిక్రీ, అంటే ఎవరికెంతో కాగితం మీద. అక్కడితో గెలిచామని స్వీట్లు పంచేవాళ్లున్నారు, పాపం. నేల మీద గీత పడాలంటే తుది డిక్రీ దాకా దావా నడవాలి, కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనరు టేపు పట్టుకుని రావాలి. 240 గజాల ఇల్లు, నలుగురికి తలా 60 గజాలు. మెట్లు ఒకరి భాగంలో, బోరు ఇంకొకరి భాగంలో, మోటారు స్విచ్చి మూడో వారి గోడకి. ఉన్న ఒక్క గుమ్మం అమ్మ వాటాలోకి వస్తుంది, ఆవిడ ఎవరింట్లో ఉండాలన్నది మాత్రం వేరే తగాదా. ముక్కలు చేయడం కుదరదని తేలితే 1893 నాటి చట్టం ఉంది, అమ్మి డబ్బు పంచుకోవచ్చు.

ఈలోగా దావా వేసినాయన పోతే తొంభై రోజుల్లోగా ఆయన వారసుల పేర్లు రికార్డులోకి తేవాలి. ఆ వారసులెవరని ప్లీడరు అడుగుతాడు. ఆయనా వీలునామా రాసి ఉండడు.