గడియారానికి కన్నం

2021 మే నెలలో చైనా ప్రభుత్వం బిట్‌కాయిన్ మైనింగ్ (కంప్యూటర్లతో కొత్త నాణేలు తవ్వడం) మీద ఉక్కుపాదం మోపింది. ప్రపంచంలోని మైనింగ్ సామర్థ్యంలో సగానికి పైగా ఒక దశలో ఆ దేశంలోనే ఉండేది. కొద్ది వారాల్లోనే సిచువాన్, షింజియాంగ్ ప్రాంతాల్లో షెడ్లకు షెడ్లు మూతపడ్డాయి. పది నిమిషాలకు ఒకటి రావాల్సిన బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, సగటున 14 నిమిషాలకు గానీ రాలేదు. జులై 3న నెట్‌వర్క్ తన డిఫికల్టీని, అంటే బ్లాకు తవ్వడంలోని కష్టాన్ని, దాదాపు 28 శాతం తగ్గించుకుంది. అప్పటిదాకా అంత పెద్ద తగ్గింపు ఎన్నడూ లేదు. ఏ కమిటీ కూర్చోలేదు, ఏ సర్క్యులర్ రాలేదు. బ్లాకులు మళ్లీ దారిలో పడ్డాయి.

క్రిప్టో కరెన్సీల ధరలు, పన్నుల గురించి మన దగ్గర చర్చకు కొదవ లేదు. మైనింగ్ మీద నడిచేవాటిని నిలబెడుతున్న, డిఫికల్టీని దానంతటదే సరిచేసే ఈ ఒక్క నియమం గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. మైనింగ్ అంటే కంప్యూటర్లు కోట్లాది అంకెల్ని గుడ్డిగా ప్రయత్నించి, ఒక హద్దు కంటే చిన్న సంఖ్య తగిలేదాకా ఆగకపోవడం. ఆ హద్దును ఎంత బిగించాలో చెప్పేదే డిఫికల్టీ. ప్రతి 2016 బ్లాకులకు ఒకసారి, అంటే సుమారు రెండు వారాలకోసారి, నెట్‌వర్క్ వెనక్కి తిరిగి ఎంత సమయం పట్టిందో లెక్కేసుకుంటుంది. తొందరగా వస్తే బిగిస్తుంది, ఆలస్యమైతే వదులు చేస్తుంది. ఒక్కసారికి నాలుగు రెట్లకు మించి పెంచదు, ఉన్నదాంట్లో నాలుగో వంతు కంటే కిందికి దించదు. 2009 జనవరిలో 1తో మొదలైన ఈ డిఫికల్టీ 2024 నవంబరులో కోటి కోట్లు దాటింది.

ఇక్కడే భద్రత మాట వస్తుంది. పాత లావాదేవీని చెరిపేయాలనుకునే దొంగ అది ఉన్న బ్లాకు నుంచి మొత్తం పని మళ్లీ చేయాలి. బ్లాకులు ఒకదాని వెనక ఒకటి చేరి గొలుసవుతాయి; పొడవైన గొలుసు కాదు, ఎక్కువ పని పోగైన గొలుసే చెల్లుతుంది. అందుకే చాటుగా తేలిక బ్లాకులు వేలకు వేలు తయారుచేసుకున్నా బిట్‌కాయిన్‌లో అవి చిత్తుకాగితాలే. ఇంతవరకు నియమం గట్టిదే.

లోపం ఉన్నది కొలతలో. డిఫికల్టీ లెక్కకు ఆధారం బ్లాకుల మీద ఉండే టైమ్‌స్టాంపులు, అంటే సమయం ముద్రలు. వాటిని వేసేది మైనింగ్ చేసే మైనర్లే. కంచే చేను మేస్తే అడ్డుకోవడానికి రెండు కట్టుబాట్లున్నాయి. బ్లాకు సమయం అంతకు ముందరి 11 బ్లాకుల మధ్యస్థ సమయం కంటే తర్వాతిదై ఉండాలి. నెట్‌వర్క్ గడియారం కంటే రెండు గంటలకు మించి ముందుకు పోకూడదు. ఈ రెండింటి మధ్య చాలా చోటు మిగిలింది. దీనికి తోడు బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నకమోటో రాసిన కోడ్‌లోనే ఒక చిన్న తప్పు: 2016 బ్లాకుల విడత లెక్కకు బ్లాకుల మధ్య 2015 విరామాలనే కొలుస్తుంది. రెండు విడతల మధ్యనున్న విరామం ఎవరి లెక్కలోకీ రాదు. మెజారిటీ మైనింగ్ శక్తి చేతిలో ఉన్నవాడు ప్రతి విడత చివరి బ్లాకు మీద మాత్రం వీలైనంత రాబోయే సమయం వేసి, మిగతావాటిని వెనక్కి లాగి ఉంచితే, నెట్‌వర్క్‌కు బ్లాకులు చాలా ఆలస్యంగా వస్తున్నట్లు కనబడుతుంది. డిఫికల్టీ విడత విడతకూ పడిపోతుంది. దీన్నే టైమ్ వార్ప్ దాడి అంటారు. బిట్‌కాయిన్‌లో దీన్ని మూసే ప్రతిపాదనను డెవలపర్ మాట్ కొరాలో 2019లో ముందుకు తెచ్చారు. పరీక్షల కోసం నడిపే టెస్ట్‌నెట్-4లో ఇలాంటి సవరణ పెట్టారు కూడా. అసలు నెట్‌వర్క్‌లో చర్చ మాత్రం ఏళ్ల తరబడి నలిగింది. మెజారిటీ చేతిలో ఉన్నవాడు అంత బహిరంగంగా ఇలాంటి పని చేసి సొంత నాణెం విలువ పోగొట్టుకోడన్నదే ఈ తాత్సారానికి ధైర్యం. ఆ ధైర్యం మాకు అంతగా నచ్చడం లేదు.

చిన్న నాణేలకు ఆ ధైర్యం కూడా లేదు. 2018 ఏప్రిల్‌లో వెర్జ్ అనే నాణేన్ని కొల్లగొట్టిన తీరు చూడండి. దానిలో 30 సెకన్లకు ఒక బ్లాకు రావాలి, టైమ్‌స్టాంపులకు మాత్రం బిట్‌కాయిన్ లాగే రెండు గంటల వెసులుబాటు. భద్రత కోసమని ఐదు రకాల మైనింగ్ పద్ధతులు పెట్టి, ఒక్కో దానికి వేరే డిఫికల్టీ ఇచ్చారు. దాడి చేసినవాడు ఒక్క పద్ధతిని పట్టుకుని, తప్పుడు సమయాలు వేసి, దాని డిఫికల్టీని పాతాళానికి దించేశాడు. మొత్తం శక్తిలో సగం కూడా అవసరం పడలేదు. మరమ్మతు చేశామన్నారు. మే నెలలో రెండు పద్ధతులతో మళ్లీ వచ్చాడు.

మంచి ఉద్దేశంతో చేసిన మార్పు కూడా ముప్పు తేవచ్చని 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ నుంచి విడిపోయిన బిట్‌కాయిన్ క్యాష్ చూపింది. మైనర్లలో పదింట తొమ్మిది మంది పాత గొలుసులోనే ఉండిపోతే 2016 బ్లాకులు పూర్తికావడానికి 20 వారాలు పడుతుంది. ఆ భయంతో అత్యవసర నియమం పెట్టారు: ఆరు బ్లాకులకు 12 గంటలు దాటితే డిఫికల్టీ 20 శాతం తగ్గాలి. తగ్గడానికి దారి ఉంది, వెంటనే పెరగడానికి లేదు. మైనర్లు ఇది ఇట్టే పసిగట్టారు. కట్టగట్టుకుని వెళ్లిపోయేవారు, డిఫికల్టీ పడేదాకా ఆగేవారు, తిరిగొచ్చి చవగ్గా బ్లాకులు దున్నుకునేవారు. ఒక పూట బ్లాకుల వరద, మరో పూట కరువు. ఆ గొలుసు అనుకున్న దానికంటే వేల బ్లాకులు ముందుకు పరుగెత్తింది. నవంబరు 13న నియమం మార్చారు. 2020 నవంబరులో మరోసారి మార్చాల్సి వచ్చింది.

మనకు దీనితో పనేమిటంటే, పని ఉంది. డిఫికల్టీ పెరిగే కొద్దీ అదే యంత్రానికి వచ్చే వాటా తగ్గుతుంది. మైనింగ్‌లో నెలనెలా ఖాయమైన రాబడి అన్నది ఆ నియమం ప్రకారమే అసాధ్యం. నెలకు 10 శాతం చొప్పున 18 నెలల పాటు ఇస్తామని గెయిన్‌ బిట్‌కాయిన్ స్కీమ్ జనం దగ్గర డబ్బు సేకరించిందన్న ఆరోపణల మీద సుప్రీంకోర్టు ఆదేశంతో సీబీఐ దర్యాప్తు చేపట్టింది. ఆ స్కీమ్ ముచ్చట విన్నరోజే ఎవరైనా డిఫికల్టీ గురించి ఒక్క ప్రశ్న వేసి ఉంటే చాలామంది జాగ్రత్తపడేవారు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో క్లౌడ్ మైనింగ్ (ఎక్కడో ఉన్న యంత్రాల్లో వాటా) పేరుతో తిరిగే ఆఫర్లకూ ఇదే ప్రశ్న వేయాలి.

2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను, జులై నుంచి లావాదేవీల మీద 1 శాతం టీడీఎస్ వసూలు చేస్తున్నారు. 2023 మార్చిలో క్రిప్టో కొనుగోళ్లు, అమ్మకాలు జరిపే ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో ప్రభుత్వం అడుగుతోంది, మంచిదే. అమ్ముతున్న నాణెం గొలుసును అద్దెకు తెచ్చుకున్న యంత్రాలతో తిరగరాయగలరా అని మాత్రం అడగడం లేదు. 2020 ఆగస్టు ఒక్క నెలలోనే ఎథీరియం క్లాసిక్ అనే నాణెం గొలుసు మీద మూడుసార్లు అలాంటి దాడి జరిగింది.

మైనింగ్ మీద నడిచే ప్రతి నాణేనికీ డిఫికల్టీ ఎన్ని బ్లాకులకోసారి మారుతుందో, టైమ్‌స్టాంపులకు ఎంత వెసులుబాటు ఉందో, గతంలో దాడులు జరిగాయో లేదో, డిపాజిట్ జమ చేయడానికి ఎన్ని బ్లాకులు ఆగుతారో ఎక్స్ఛేంజీలు కొనేవారికి తెలుగులో, ఇతర భారతీయ భాషల్లో చెప్పి తీరాలని మేము కోరుతున్నాం. ఇందుకు కొత్త చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైన ఎక్స్ఛేంజీల జాబితా ఉంది. కేంద్ర ఆర్థిక శాఖ అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.