గ్రాంథిక మైలేజీ

ఇప్పుడు ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో నూరేళ్ల కిందట ఒక పెద్ద తగాదా నడిచింది. పుస్తకంలో రాసే తెలుగు వేరు, నోటితో మాట్లాడే తెలుగు వేరు, బతికున్నది రెండోదేనని గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లో రాజావారి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే పండితులందరితో పోట్లాడారు. చివరికి నెగ్గారు. ఆయన నెగ్గబట్టే నేనీవేళ ‘తైలవ్యయము’ అనకుండా హాయిగా మైలేజీ అని రాసుకుంటున్నాను. కానీ పంతులుగారి చేతికి అందకుండా ఒక శాఖ మిగిలిపోయింది. కార్ల కంపెనీలు ఇప్పటికీ గ్రాంథికంలోనే ఉన్నాయి.

నా చిన్న కారు గ్రాంథిక మైలేజీ లీటరుకు 23.84 కిలోమీటర్లు. వ్యావహారికంలో 13.

2014లో షోరూం కుర్రాడు ఆ 23.84 చెప్పినప్పుడు నేను పడిపోయింది 23కి కాదు, పాయింటు తర్వాతి 84కి. అబద్ధమే అయితే గుండుగుత్తగా పాతిక అనేసేవాడు కదా! పది మీటర్ల దాకా కొలిచి చెప్పేవాడు పది కిలోమీటర్లు దాస్తాడా?

దాచలేదు కూడా. ఆ అంకె నిజమే. పుణేలో ఏఆర్‌ఏఐ అని ఒక సంస్థ ఉంది. ఇలాంటి సర్టిఫికెట్లు అక్కడ పుడతాయి. కారును రోలర్ల మీదికి ఎక్కించి దాదాపు 20 నిమిషాలు నడుపుతారు. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. ఏసీ ఉండదు. వేగం గంటకు 90 దాటదు. ఏ క్షణాన ఎంత వేగం ఉండాలో ముందే గీత గీసి ఉంటుంది, ఆ గీత మీదనే పోవాలి. ఆ ప్రయాణంలో ఆవు అడ్డం రాదు. వెనక సీట్లో అత్తగారు ఉండరు. డిక్కీలో పనసకాయలు దొర్లవు. శివరాత్రికి మహేంద్రగిరి పోదామని ఎవరూ అనరు. ఆ కొండ 1,501 మీటర్లు. దాని దారిలో నా కారు సెకండ్ గేరులో ఏడుస్తూ ఎక్కుతుంటే మా ఆవిడ ‘ఏసీ పెంచండి’ అంటుంది.

కాబట్టి కంపెనీ తప్పేమీ లేదు. తప్పు నాది. కారు కొన్నాక దాన్ని రోడ్డు మీదికి తెచ్చాను.

అయినా మొదట్లో 16 వచ్చేది. ఆ లెక్కతో రాజీపడి పదేళ్లు కాపురం చేశాను. మొన్న వేసవిలో అనుమానం వచ్చి ఒక పాత పాకెట్ డైరీ కారులో పెట్టాను. ట్యాంకు నింపించి, పైపు టక్కుమని దానంతటది ఆగిన దగ్గర ఆపించి, మీటరు రాసుకోవడం. మళ్లీ అదే బంకులో అలాగే నింపించి, పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించడం. 312 కిలోమీటర్లు, 23.6 లీటర్లు. అంటే 13.2. మూడుసార్లు భాగించాను. మా అబ్బాయి చేత కూడా భాగింపించాను. వాడి చదువు మీద పెట్టిన డబ్బు వృథా కాలేదని తేలింది గానీ అంకె మారలేదు.

మన దేశంలో మైలేజీ తగ్గితే మొదటి ముద్దాయి బంకువాడే. ‘జీరో దేఖంతు’ అని కుర్రాడు ఒడియాలో మర్యాదగా సున్నా చూపిస్తూనే ఉంటాడు. మనం సున్నా చూస్తూనే ఉంటాం. మన కన్ను తప్పిన ఆ ఒక్క క్షణంలోనే ఏదో జరిగిపోయిందని నమ్మకం. ఏ బంకులోనైనా 5 లీటర్ల కొలపాత్ర తెప్పించి కొలిచి చూపించమని అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. నేను అడిగాను. ఆదివారం సాయంత్రం, రద్దీ వేళ. కుర్రాడు లోపలికి పోయి మూతి సన్నగా ఉన్న పాత్ర తెచ్చాడు. గుడ్డతో దాని మెడ తుడిచాడు. మీటరు మీద సరిగ్గా 5 దగ్గర ఆపాడు. పెట్రోలు గీత మీదికి వచ్చి, రెండుసార్లు ఊగి, నిలబడింది. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. ఈలోగా నా వెనక పదకొండు బైకులు చేరి హారన్లు కొడుతున్నాయి. అనుమానం తీరింది, పరువు పోయింది.

ఇక ఇక్కడ మా బావను ప్రవేశపెట్టాలి. పాతపట్నంలో ఉంటాడు, మేనత్త కొడుకు. ఊరు పక్కనే గానీ రాష్ట్రం వేరు. పెట్రోలు మీద ఆంధ్రలో 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు 4 రూపాయలు, ఆ పైన రోడ్ల కోసం ఒక రూపాయి. ఒడిశాలో 28 శాతం వ్యాట్. మొత్తం మీద లీటరుకు ఆరేడు రూపాయల తేడా. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసు విరిగి గిడుగువారు రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయనకు కారు లేదు, అందుకే వెళ్లగలిగారు. కారున్న తెలుగువాడెవడూ ఈ ఊరు విడిచి పోడు. పైగా అవతలి నుంచి ఇక్కడికే వస్తున్నాడు.

మా బంధువుల్లో ఇంత ప్రేమ ఎన్నడూ చూడలేదు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయని పదిహేను రోజులకోసారి పలకరింపు. ట్యాంకులో ముల్లు ఎర్రగీత తాకిన రోజునే మా అమ్మ మోకాళ్లు వాళ్లకు గుర్తొస్తాయి. వస్తారు, భోంచేస్తారు, పోతూ పోతూ పాతిక లీటర్లు కొట్టించుకుంటారు. మిగిలేది నూట యాభై, నూట డెబ్బై. ఆ పూట మా ఇంట్లో చేపల పులుసుకైన ఖర్చు ఏ రాష్ట్రం పద్దులో రాయాలో నాకింకా తెలియలేదు.

“ఏటి బావా, పదమూడా?” అన్నాడు మా బావ పులుసు కలుపుకుంటూ. “నువ్వు సాదా పెట్రోలు కొట్టిస్తే అంతే. పవర్ కొట్టించు. లేకపోతే స్పీడు. ఆ అంకె చూసుకోవాలి, 95, 99 అని ఉంటుంది. ఎంత పెద్ద అంకె ఉంటే అంత బలం.”

మా బావ పదో తరగతిలో లెక్కల్లో 36 తెచ్చుకున్నాడు. అంకెల బలం ఆయనకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? మూడు ట్యాంకులు ఆ ఖరీదైన పెట్రోలే కొట్టించాను. లీటరుకు ఏడు రూపాయలు ఎక్కువ. అంటే ఒడిశాలో ఉండి ఆంధ్ర ధరకు కొన్నానన్నమాట. సరిహద్దును నా ట్యాంకులోనే చెరిపేశాను. మైలేజీ 13.3. ఖర్చు ఐదువందల చిల్లర, లాభం వంద మీటర్లు. ఆ వంద మీటర్లు కూడా ఆ వారం అత్తగారు ఊళ్లో లేకపోవడం వల్ల వచ్చి ఉండొచ్చు.

అప్పుడు కూర్చుని ఆ అంకె సంగతి చదివాను. ఇది ముందే చేయాల్సిన పని అని మీకు అనిపించవచ్చు. పదేళ్లలో మీరెన్నిసార్లు చదివారో చెప్పండి.

ఆ అంకె పేరు ఆక్టేన్. ఆక్టేన్ అంటే బలం కాదు, ఓర్పు. పిస్టన్ పైకొచ్చి గాలినీ పెట్రోలునూ పదో వంతుకు నొక్కేస్తుంది. నొక్కితే వేడెక్కుతుంది. ప్లగ్గు నిప్పు పెట్టి, ఆ మంట వచ్చి తాకేదాకా ఆగగలిగింది మంచి పెట్రోలు. ఆగలేక మూలనున్నది దానంతటదే అంటుకుంటే ఇంజిన్‌లో గోళీలు గిలక్కొట్టినట్టు చప్పుడొస్తుంది. ఎంత నొక్కుడుకు ఎంతసేపు కోపం రాకుండా ఉంటుందో చెప్పేదే ఆ అంకె. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, నార్మల్ హెప్టేన్ అనే ద్రవానికి సున్నా అని రెండు కొసలు పెట్టుకుని మధ్యలో కొలుస్తారు. గట్టిగా నొక్కే పెద్ద ఇంజిన్లకు, టర్బోలకు ఆ ఓర్పు కావాలి. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోలు కూడా తెచ్చింది, ఢిల్లీలో లీటరు 160 రూపాయలకు. విడుదల చేసిన మంత్రి ధర్మేంద్ర ప్రధాన్ మన ఒడియా ఆయనే. ఆ పెట్రోలు తాగే కార్లు వేరు. నా కారు అడిగే ఓర్పు 91. ఆ సంగతి పెట్రోలు మూత తలుపు లోపలివైపు చిన్న స్టిక్కరు మీద రాసి ఉంది. పదేళ్లుగా ఆ తలుపు తెరిపించుకుంటున్నాను, అటు బంకువాడే నిలబడతాడు గనక నేనెప్పుడూ చూడలేదు. గొడవే లేని ఇంట్లో కాపురం చేయడానికి అంత ఓర్పు ఎందుకు? ఖరీదైనదాంట్లో ఇంజిన్ లోపల మడ్డి పట్టకుండా మందులు కలుపుతారు, అది నిజం. కానీ మా బావ చెప్పింది మడ్డి గురించి కాదు, బలం గురించి.

అసలు తమాషా ఇంకా ఉంది. సాదా పెట్రోలు అంకె కూడా ఈ మధ్య పెరిగింది. ఇప్పుడు బంకులో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపింది. 2030కి అనుకున్నది 2025కే చేరుకున్నారు. ఇథనాల్‌కు ఓర్పు చాలా ఎక్కువ, అది కలిసేసరికి సాదా పెట్రోలే 91 నుంచి 95కి ఎదిగింది. ఒకప్పుడు ఎక్కువ డబ్బిచ్చి కొన్న అంకె ఇవాళ ఊరికే పోస్తున్నారు. సంతోషించాలి కదా? కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో మూడింట రెండు వంతులే. అంకె పెరిగింది, మైలేజీ దిగింది. పాత తరహా కార్లకు ఆరేడు శాతం తగ్గుతుందని 2021లోనే నీతి ఆయోగ్ నివేదికలో రాశారు. అంకె బలమే అయితే మా బావ ఈ ముక్కకు సమాధానం చెప్పాలి. అడిగాను. “అది గవర్నమెంటు లెక్కలే బావా” అని తేల్చేశాడు.

ఇథనాల్‌ను చెరకు నుంచి, మొక్కజొన్న నుంచి, నూకల నుంచి తీస్తారు. పాత కారుకు ‘నూకలు చెల్లాయి’ అనడం ఇకమీదట పనికిరాదు. రోజూ ట్యాంకులో పోస్తున్నవి నూకలే. బిల్లు మీద ‘మోటార్ స్పిరిట్’ అని ఉంటే మా ఆవిడ ఒకప్పుడు కంగారుపడింది, ఇప్పుడు ఆ పేరు సార్థకమైంది. మొన్న పాతపట్నం వైపు పోతుంటే చెక్‌పోస్టు దగ్గర ఆపి డిక్కీ తెరవమన్నారు. సారా కోసం. సంచులెత్తి చూశారు, స్టెప్నీ కింద చేయిపెట్టి తడిమారు. నేను నోరు విప్పలేదు. ట్యాంకులో ఐదు లీటర్లకు పైనే ఉంది, భారత ప్రభుత్వం వారే పోయించింది.

ఇంతకూ లెక్క కుదరలేదు. పదహారులో ఏడు శాతం అంటే ఒక కిలోమీటరు చిల్లర. నూకలు తినేసింది అంతే. అంటే పదిహేను దాకా రావాలి. మిగతా కిలోమీటరున్నర ఎవరు తిన్నారు?

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తుతాడనుకుని నేను వెళ్లి ముందు నిలబడ్డాను. ఆయన బానెట్ ముట్టుకోలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, వెనక ఎడమ టైరును చెప్పుతో తన్నాడు.

“మాస్టారూ, గాలి ఎప్పుడు కొట్టించారు?”

“సంక్రాంతికి.”

“ఏ సంక్రాంతికి?”

ఇలాంటి ప్రశ్నలకు పెద్దమనుషులు జవాబివ్వరు. గేజి పెట్టి చూశాడు. నాలుగింట్లో ఏదీ 24 దాటలేదు. ఎడమవైపు వెనకది 21. ఉండాల్సింది 33. డిక్కీ తెరిస్తే అందులో పాతిక కేజీల బియ్యం బస్తా, వాడకుండా మిగిలిన అర బస్తా సిమెంటు, గడ్డకట్టి రాయైపోయింది. “ఇదేటి, ఇల్లు కడుతూ తిరుగుతున్నారా?” అన్నాడు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కాదు, తను నా పక్కన కూర్చుని ఊరు చివరిదాకా నడిపించాడు. రోడ్డు వైపు చూడలేదు, నా ఎడమ కాలు వైపే చూశాడు. ఆ కాలు దారిపొడుగునా క్లచ్ మీదే విశ్రాంతి తీసుకుంటోందట. ఆయన పుచ్చుకున్నది ఒక టీ. గాలి బంకులో ఉచితం.

ఆ ఉచితమే నాకు మింగుడుపడలేదు. లీటరుకు ఏడు రూపాయలు ఎక్కువ పెట్టి కొన్న ఓర్పు చేయలేని పని, ఊరికే కొట్టే గాలి చేసిందంటే అది ఎంత అమర్యాద! గాలికి కూడా అంకె పెట్టి, రంగు డబ్బాలో పోసి, ‘సూపర్ గాలి’ అని అమ్మితే జనం క్యూ కడతారు.

సిమెంటు రాయిని పెరట్లో మొక్క పక్కన పెట్టాను. బియ్యం ఇంట్లోకి మోశాను. కాలు ఇంకా అలవాటు మానలేదు. తర్వాతి ట్యాంకుకు డైరీలో 14.1 పడింది. ఈసారి కొండ ఎక్కలేదు, ఆ సంగతీ పక్కనే రాశాను.

ఆదివారం బావ వచ్చాడు. డైరీ చూపించాను.

“పద్నాలుగా! ఏ పెట్రోలు కొట్టించావు?”

“సాదాదే. 33 కొట్టించాను, అంతే.”

ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. 95 గురించి విన్నాడు, 99 విన్నాడు, 33 వినలేదు. చిన్న అంకె కాబట్టి ధర కూడా తక్కువే ఉంటుందని ఆయన ముఖంలోనే లెక్క పూర్తయింది. చెప్పబోయాను, ఇంతలో మా అమ్మ ఇంకో గరిటె పులుసు వేసింది.

నిన్న సాయంత్రం బంకు కుర్రాడు ఫోన్ చేశాడు. పాతపట్నం నుంచి ఎవరో వచ్చారట, ఖాళీ ట్యాంకుతో. ముప్పై మూడు కావాలని కూర్చున్నారు, నా పేరు చెబుతున్నారు, ఏం పోయమంటారని అడుగుతున్నాడు.